మా బావ లైన్‌లోనే ఉన్నాడు

ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లు నన్ను సలహా అడిగితే, కాన్ఫరెన్స్ కాల్‌లో తెలుగు మాట్లాడేముందు లైన్‌లో ఎవరెవరు ఉన్నారో ఒకసారి చూసుకోమని చెబుతాను. ముప్ఫై ఏళ్లు పనిచేసి ఈయన సంపాదించిన జ్ఞానం ఇంతేనా అన్నట్టు వాళ్లు నా వైపు చూస్తారు. ఇంకా ఉంది గానీ, అదంతా పాత సాఫ్ట్‌వేర్ గురించి. ఆ సాఫ్ట్‌వేర్ నాకంటే ముందే రిటైరైంది.

ఈ ఒక్క సలహా మాత్రం నాకు ఊరికే రాలేదు. మా బావ మనసు నొప్పించి సంపాదించుకున్నాను. అందుకని మీకు చెబుతున్నాను, మీరు ఇంకెవర్నీ నొప్పించకుండా వాడుకుంటారని.

బావ అంటే మా అక్క భర్త. జెర్సీ సిటీలో, హడ్సన్ నది ఒడ్డున ఉన్న ఒక ఇన్సూరెన్స్ కంపెనీ ఐటీ విభాగంలో నన్ను చేర్పించింది ఆయనే. "మా బావమరిది. పని రాదు, నేర్చుకుంటాడు" అని మేనేజరుకి సిఫారసు చేశాడట. మేనేజరు అది మనవాళ్ల అణకువ అనుకుని ఉద్యోగమిచ్చాడు. తను ఉన్నమాటే చెప్పానని బావ చివరిదాకా వాదించేవాడు.

మా కంపెనీలో చుట్టాలు ఒకే టీమ్‌లో ఉండకూడదు. ఆయన ఒక టీమ్, నేను పక్క టీమ్. కాలక్రమేణా నేను మేనేజరునయ్యాను. ఆయనకి మేనేజరు పని ఇష్టం లేదు. "మనుషుల్ని మేనేజ్ చెయ్యడానికి ఇంట్లో మీ అక్క ఉంది కదోయ్, నేనెందుకు?" అనేవాడు. ఇంట్లో ఏ శుభకార్యమైనా ముందు బట్టలు పెట్టేది ఆయనకే. ఆఫీసులో పెద్ద గది ముందు ఇచ్చింది నాకు. ఈ తేడాని ఆయన ఏనాడూ పట్టించుకోలేదు. పట్టించుకోవడం లేదని వారానికొకసారి నాకు గుర్తుచేసేవాడు.

ఆయన పని రిలీజ్ కాల్ నడపడం. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించే రోజున న్యూజెర్సీ నుంచి, హైదరాబాద్ నుంచి, ఇంకా రెండు మూడు ఊళ్ల నుంచి నలభై మంది ఒకే లైన్ మీదికి వస్తారు. ఒకరి పని పూర్తయితే గాని ఇంకొకరు మొదలుపెట్టకూడదు. ఎవరి వంతు ఎప్పుడో చెప్పడానికి ఒక మనిషి ఉండాలి. పెళ్లిలో పురోహితుడి పక్కన నిలబడి "పెళ్లికూతుర్ని తీసుకురండి, మేళం, మేళం" అని కేకలేసే పెద్దమనిషి ఉంటాడే, ఆ పని. దానికి తెలివికంటే గొంతు ముఖ్యమని ఆయనే అనేవాడు. ఆయనకి రెండూ ఉండేవి. గుంటూరు జిల్లా గొంతు. ఆయన మా అంతస్తులో "గుడ్ మార్నింగ్" అంటే లిఫ్టులో ఉన్నవాళ్లు బదులు చెప్పేవారు.

ఆ గొంతు బొంగురుపోయింది. మూడు నెలలు మిరియాల పాలు తాగాడు. నాలుగో నెలలో డాక్టరు దగ్గరికి వెళితే కాన్సర్ అన్నారు. స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ ముందు భాగంలో రూపాయి బిళ్లంత రంధ్రం మిగిలింది. ఊపిరి పీల్చడం ఇక దానితోనే. అప్పటికి ఆయనకి యాభై ఆరు.

మొదటి రెండు నెలలు తెల్ల పలక మీద మార్కర్‌తో రాసి మాట్లాడేవాడు. అక్క ఆయనతో దెబ్బలాడుతూ, ఆయన జవాబు రాయడం పూర్తయ్యేలోగా పలక లాక్కుని తుడిచేసేది. పలక మీద ఆయన నాకు రాసిన మొదటి మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: "ఇరవయ్యేళ్లుగా మీ అక్క నోరు మూసుకోమంటోంది. డాక్టరు విన్నాడు." చదివి నేను ఏడ్చాను. ఆయన పలక తుడిచి, "జోకు" అని రాసి చూపించాడు.

తర్వాత యంత్రం వచ్చింది. చిన్న టార్చిలైటంత ఉంటుంది. మెడకి ఆనించి బొత్తాం నొక్కితే అది జుమ్మని మోగుతుంది. పెదవులూ నాలుకా కదిపితే ఆ మోత మాటలవుతుంది. హెచ్చుతగ్గులు ఉండవు. కోపం, ప్రేమ, "ఇంకొంచెం చారు వెయ్యి", అన్నీ ఒకే శ్రుతిలో వస్తాయి. "నలభై ఏళ్లు ఈ నిగ్రహం కోసం ధ్యానం చేశాను, అయిదు గంటల ఆపరేషన్‌తో వచ్చేసింది" అనేవాడు.

ఐసెలిన్‌లో మిఠాయి కొట్టు ముందు ఒకసారి ఆరేళ్ల పిల్లాడు ఆయన్ని చూసి, "అంకుల్, ఆర్ యూ ఎ రోబో?" అని అడిగాడు. వాళ్లమ్మ ముఖం మాడిపోయింది. బావ వంగి, యంత్రం మెడకి ఆనించి, "ఎస్. బట్ ఐ ఈట్ జిలేబీ" అన్నాడు. కారు దిగకుండా కొనుక్కునే డ్రైవ్ త్రూలో, మైకు ముందు కాఫీ చెబితే, తమ స్పీకరు పాడైందనుకుని లోపలి అమ్మాయి క్షమాపణ చెప్పి కిటికీ దగ్గరికి రమ్మనేది. ఆయన ఒక్కసారి కూడా సరిదిద్దలేదు. రెండుసార్లు డోనట్ ఫ్రీగా ఇచ్చారు. ముక్కుతో గాలి పీల్చడం లేదు గనక వాసనలు కూడా దాదాపు పోయాయి. "మీ అక్క ఇంగువ వేసినా వెయ్యకపోయినా ఇప్పుడు మా కాపురానికి ఢోకా లేదోయ్" అనేవాడు.

ఇలాంటి మనిషి ఆఫీసుకి తిరిగి వస్తున్నాడంటే నేను ఎంత సంతోషించి ఉండాలి? సంతోషించాను. భయం కూడా వేసింది. ఆయన వచ్చే వారం ముందు అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, ఆయన్ని ఆ కాల్స్‌లో పెట్టకురా."

"ఎందుకే?"

"అందరి ముందూ ఆ మెషీన్ పెట్టుకుని మాట్లాడాలా? ఎవరైనా నవ్వితే? నేను చెప్పానని మాత్రం చెప్పకు. అడిగితే కంపెనీ రూలనో ఏదో అను."

మన ఇళ్లలో ప్రేమ సాధారణంగా ఇలాగే పనిచేస్తుంది. ఎవరి గురించయితే నిర్ణయమో, వాళ్లకి తప్ప అందరికీ తెలుస్తుంది.

ఆ ఏడు పెద్ద రిలీజ్ బాధ్యత మొత్తం నాది, ఎవరికి ఏ పనో చెప్పేది నేనే. అయినా నేను వెంటనే ఒప్పుకోలేదు. మొదటి మీటింగు ఆయన్నే నడపమన్నాను. ఆయన ఇంటి నుంచి లాప్‌టాప్‌లో చేరాడు. కొత్త చొక్కా, మెడకి చక్కటి మఫ్లర్. తెర మీద ఆయన యంత్రం మెడకి ఆనించాడు, పెదవులు కదిలాయి. ఏమీ వినిపించలేదు. "యూ ఆర్ ఆన్ మ్యూట్" అన్నారు ఎవరో. ఆయన కాదన్నట్టు తల ఊపి, మళ్లీ మాట్లాడాడు. అప్పుడప్పుడూ ఒక మాట తునక వచ్చి ఆగిపోయేది. నలభై మంది చాలా మర్యాదగా తమ తమ కాగితాలు చూసుకోసాగారు. ఆ నిమిషం ఎంత పొడుగ్గా ఉందో నేను చెప్పలేను. నా వల్ల కాలేదు. "ఇక్కడి నుంచి నేను చూసుకుంటాను" అన్నాను. ఆయన యంత్రం కిందపెట్టి, "సరే, కానివ్వు" అని టైపు చేశాడు.

ఆ రోజు నుంచి పది వారాలు నేనే చూసుకున్నాను. ఆయనకి రన్‌బుక్ రాసే పని అప్పగించాను. పెద్ద రిలీజ్ రోజున ఏ పని తర్వాత ఏ పని చెయ్యాలి, ఎవరు చెయ్యాలి అని వరసగా రాసే పత్రం అది. అందరూ ఉండాలంటారు, ఎవరూ రాయరు, రాసినా ఎవరూ చదవరు. ఆయన "ఓహో" అన్నాడు. యంత్రంలో ఏ ఓహో అయినా ఒక్కలాగే వినిపిస్తుంది గనక నేను దాన్ని అంగీకారంగా తీసుకున్నాను.

పెద్ద రిలీజ్‌కి ఇంకా తొమ్మిది రోజులుంది. ఇరవై రెండేళ్ల నాటి క్లెయిముల సిస్టమ్ తీసేసి కొత్తది పెడుతున్నాం. ఒక గురువారం ఉదయం దాని గురించి కాల్. మా పై అధికారిణి, ఒహాయో నుంచి వచ్చిన అమెరికన్ ఆవిడ, ఇంకా చేరలేదు. అధికారులు రాకముందు అయిదు నిమిషాలు లైన్ మీద తెలుగు నడుస్తుంది. ఇది ఎక్కడా రాసిలేని మా ఆఫీసు ఆచారం. మా ఇంగ్లీషు కంటే మా తెలుగు భద్రమైనదని మా నమ్మకం.

మా టీమ్‌లో వరంగల్ అమ్మాయి ఒకతె ఉండేది. పనిలో పాదరసం. అడగకూడనిది అడగడంలో కూడా అంతే.

"సార్, ఈసారి పెద్ద సార్ ఎందుకు నడిపిస్తలేరు? గిసొంటిదానికి ఆయనే ఉండాలె కదా?" అంది.

"ఎలా నడుపుతాడమ్మా? ఆ రోజు చూశావుగా, ఒక్క మాట వినపడలేదు."

"మరి ఉత్తగనే కూసోబెడితే బాధపడతరేమో సార్."

"ఉత్తినే ఏం కూర్చోబెట్టలేదు. రన్‌బుక్ రాయమని ఇచ్చాను. చేతిలో ఏదో ఒకటి ఉండాలిగా, పాపం. అది ఎవరు చదువుతారు చెప్పు? కాలక్షేపం."

"కరెక్టే సార్" అన్నాడు హైదరాబాద్ నుంచి ఒకతను. ప్రతి మేనేజరుకీ అలాంటివాడు ఒకడు దొరుకుతాడు.

అప్పుడు లైన్‌లో జుమ్మని మోత వినిపించింది.

"నూట పన్నెండు స్టెప్పులు రాశాను. కాలక్షేపం బాగానే జరిగింది."

ఆ రోజు ఆయన లాప్‌టాప్ ఏదో అప్‌డేట్‌లో ఇరుక్కుంటే ఇంటి ఫోన్ నుంచి డయల్ చేశాడు. తెర మీద పేరు రాలేదు, ఉత్త నంబరు వచ్చింది. మాట్లాడని మనిషిని ఎవరు లెక్కపెడతారు? ఎనిమిది నిమిషాలుగా ఆయన లైన్‌లోనే ఉన్నాడు.

నేను మ్యూట్ బొత్తాం నొక్కాను. ఎందుకో నాకే తెలియదు. అప్పటికే అనాల్సినవన్నీ అనేశాను.

అంతలో ఒక ఇంగ్లీషు గొంతు వినిపించింది. అధికారిణి అప్పుడే చేరినట్టుంది. "ఇప్పుడు మాట్లాడింది ఎవరు? నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, ఈ కాల్‌లో అంత స్పష్టంగా ఎవరి మాటా వినపడదు" అంది.

"రిలీజ్ కోఆర్డినేటర్‌ని. కొంతకాలంగా అజ్ఞాతంలో ఉంచారు" అని బావ ఇంగ్లీషులో చెప్పాడు. ఆవిడ నవ్వింది. ఆ తర్వాత అరగంట సేపు ప్రశ్నలన్నీ ఆయన్నే అడిగింది. రన్‌బుక్ చదివి వచ్చిన మనిషి ఆ కాల్‌లో ఆవిడ ఒక్కతే అని నాకు అప్పుడర్థమైంది.

సాయంత్రం రైలు దిగి నేరుగా ఎడిసన్‌లో వాళ్లింటికి వెళ్లాను. తలుపు తీసిన అక్క గొంతు తగ్గించి, "ఏం చేశావురా? పొద్దున్నుంచీ ఆయన ఒక్క మాట మాట్లాడలేదు" అంది.

"ఛార్జింగ్ లేదేమోనే" అన్నాను. ఆవిడ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

బావ పెరట్లో చిక్కుడు పాదుకి తాళ్లు కడుతున్నాడు. యంత్రం పట్టుకోవడానికి ఒక చెయ్యి కావాలి గనక, ఆయన మాట్లాడాలంటే చేస్తున్న పని ఆపాలి. అందుకని ఏ మాట కోసం పని ఆపాలో జాగ్రత్తగా ఎంచుకునేవాడు.

"ఈ పురికొస పట్టుకో."

పట్టుకున్నాను. ఆయన రెండు ముళ్లు వేశాడు.

"సారీ బావా."

"దేనికి?"

"పొద్దున అన్నదానికి."

"అందులో అబద్ధమేముంది? ఆ రోజు నా మాట వినపడలేదు. ఎందుకు వినపడలేదో చూశావా?"

చూడలేదు. అప్పటికి ఇరవయ్యేళ్లు దాటిన ఐటీ అనుభవం. ఏ కంప్యూటరు మొరాయించినా అది రాసిపెట్టుకున్న లాగ్ తీసి చూడకుండా నిద్రపోని మనిషిని. మా బావ మాట వినపడకపోతే మాత్రం, పాపం జబ్బు మనిషి, అనుకుని ఊరుకున్నాను.

"నేను చూశాను" అన్నాడు. "ఆ మీటింగు సాఫ్ట్‌వేర్ వెనకాల మోతలు ఏరేస్తుంది. మీ అక్క వాక్యూమ్ క్లీనర్ పెట్టి చూశాను. దాన్నీ ఏరేసింది, నన్నూ ఏరేసింది. మా ఇద్దరికీ చుట్టరికం కలిపింది. సెట్టింగ్స్‌లో ఒక టిక్ ఉంది. తీసేస్తే వినపడుతున్నాను. మామూలు ఫోనులో ఆ బెడదే లేదు."

"ఎప్పుడు కనిపెట్టావు?"

"రెండో రోజే."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు అడుగుతావని చూశాను."

పది వారాలు. నేను పురికొస పట్టుకుని నిలబడ్డాను. ఆయన ఇంకో తాడు కట్టడానికి వంగాడు, కట్టకుండానే లేచాడు.

"డాక్టరు నా గొంతు తీసేముందు నాలుగుసార్లు అడిగాడోయ్. ఆరు పేజీల కాగితం చదివించి సంతకం పెట్టించుకున్నాడు. నువ్వు ఒక్కసారన్నా అడగలేదు."

యంత్రం కాబట్టి ఆ మాటలో కోపం ఎంతుందో, బాధ ఎంతుందో తెలియలేదు. తెలిసి ఉంటే కొంత తేలిగ్గా ఉండేది.

మళ్లీ ఆయనే అన్నాడు. "మీ అక్క చెప్పి ఉంటుంది. ఆవిడ భయం ఆవిడది. నీకేమైంది?"

"నాకూ భయమే బావా. నువ్వు మాట్లాడుతుంటే అందరూ జాలిగా చూస్తారని."

"చూస్తారు. రెండు నిమిషాలు చూస్తారు. తర్వాత వాళ్లకి పనుంటుంది."

నా చేతిలోంచి పురికొస తీసుకున్నాడు. "వచ్చే శనివారం కాల్ నేను నడుపుతాను. కుదరకపోతే నువ్వు తీసుకో. కానీ కుదరలేదని చెప్పాల్సింది నేను."

అధికారిణి ఒప్పుకుంది. నన్ను పక్కనే కూర్చోమంది, అవసరమైతే అందుకోవడానికి. మధ్యాహ్నం రెండు గంటలకి కొత్త సిస్టమ్ సరిగ్గా నడుస్తుంటే ఉంచుతాం, లేకపోతే అన్నీ విప్పేసి పాతదానికి వెళ్లిపోతాం. పాతదానికి వెళితే ఏం జరుగుతుందో నాకు తెలుసు. కారణం ఏదైనా సరే, "ఆయన మాట అర్థం కాలేదు" అని ఎవరో ఒకరు మర్యాదగా అంటారు. ఇక ఆయన్ని ఎవరూ ఏ కాల్‌కీ పిలవరు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. అందుకే జేబులో మూడు బ్యాటరీలు పెట్టుకొచ్చాడు.

శనివారం పొద్దున ఏడింటికి ఆఫీసులో మొదలైంది. అక్క అందరికీ సరిపడా పులిహోర పంపింది. అది పశ్చాత్తాపమో, ఆదుర్దాయో నేను అడగలేదు. బావ బల్ల మీద మామూలు ఫోన్ పెట్టుకున్నాడు, లాప్‌టాప్‌ని నమ్మలేదు. ముందు అందరి హాజరు తీసుకున్నాడు. మొదటి రెండు నిమిషాలు అందరూ మరీ మెల్లగా, మరీ మర్యాదగా పలికారు. తర్వాత, ఆయన చెప్పినట్టే, వాళ్లకి పనుంది.

పాతరోజుల్లో ఆయన కాల్స్ కచేరీల్లా ఉండేవి. మధ్యలో పిట్టకథలు, హైదరాబాద్‌లో వాన పడుతోందా అని పరామర్శలు. ఇప్పుడు చెయ్యి నొప్పి పుడుతుంది గనక మాటలు పొదుపు. "యాభై రెండు. అయిందా?" "అయింది." "యాభై మూడు. మొదలుపెట్టండి." పదకొండింటికల్లా మేము అనుకున్నదానికంటే నలభై నిమిషాలు ముందున్నాం. పులిహోర కూడా అయిపోయింది.

పన్నెండున్నరకి ఆగిపోయింది. ఆస్పత్రుల నుంచి వచ్చే క్లెయిములు కొత్త సిస్టమ్‌లో పడాలి. ఒక్కటీ పడటం లేదు. వరంగల్ అమ్మాయి వెతికి, అవన్నీ ఇంకా పాతదాంట్లోకే పోతున్నాయంది. అంతే, లైన్ సంత అయింది. నెట్‌వర్క్ వాళ్లదంటారు వీళ్లు, డేటాబేస్ వాళ్లదంటారు వాళ్లు. కొత్త సిస్టమ్ అమ్మిన కంపెనీ మనిషి తమది కాదని మూడుసార్లు చెప్పాడు, ఎవరూ అడక్కుండానే. ఎవరో వెనక్కి వెళ్లిపోదామన్నారు. నేనూ అరుస్తున్నాను. బావ రెండుసార్లు ఏదో అన్నాడు, అంత గోలలో ఎవరికీ వినపడలేదు.

అధికారిణి నా వైపు చూసింది. నేను ఫోన్ మీదికి వంగాను. 'ఇక్కడి నుంచి నేను చూసుకుంటాను' అన్న మాట నాలిక చివర ఉంది. బావ నా ముఖం చూశాడు. చేత్తో ఆపలేదు, కళ్లెర్ర చెయ్యలేదు. ఊరికే చూశాడు.

నేను మళ్లీ కుర్చీలో వెనక్కి వాలాను.

ఆయన యంత్రాన్ని మెడకి కాకుండా నేరుగా ఫోనుకి ఆనించి బొత్తాం నొక్కాడు. నొక్కి పట్టుకున్నాడు. జుమ్మ్ అని ఒకటే మోత, ఆరుబయట నిద్రపోతున్నవాడి చెవి దగ్గర కందిరీగలా. మూడు దేశాల్లో నలభై మంది చెవుల్లో ఒకేసారి. ఒకరి తర్వాత ఒకరు నోళ్లు మూశారు. పూర్తిగా సద్దుమణిగాక ఇంకో అయిదు సెకన్లు కూడా మోగించాడు, బహుశా సరదాకి.

తర్వాత దాన్ని మెడకి ఆనించాడు. "ఒక్కొక్కరు."

రన్‌బుక్ ముందుకి లాక్కున్నాడు.

"క్లెయిములు పాతదాంట్లో పడుతున్నాయంటే పాత దారి మూయలేదు. అది నలభై ఒకటో స్టెప్పు. నిన్న సాయంత్రం చెయ్యాల్సింది. పక్కన టిక్ ఉంది. పెట్టిందెవరు?"

మొదటి యాభై స్టెప్పులు శుక్రవారమే ఎవరివి వాళ్లు చేసి టిక్ పెట్టుకోవాలి. వరంగల్ అమ్మాయి కాగితం తిరగేసి, తలెత్తకుండా నాకు మాత్రమే వినపడేలా అంది. "సార్, మీ పేరే ఉన్నది."

నా పేరు మీద ఏడు స్టెప్పులున్నాయి. ఆరు మేనేజర్లు చేసే పనులే. ఫలానావారికి తెలియజేయడం, ఫలానావారి అనుమతి తీసుకోవడం. అవి చూసి, ఏడోది కూడా అలాంటిదే అనుకుని, శుక్రవారం సాయంత్రం రైలుకి టైమవుతుంటే ఏడు టిక్కులూ వరసగా పెట్టేశాను. ఆ ఏడోది నిజంగా చెయ్యాల్సిన పని. పాత దారి మూసే అధికారం నా ఒక్కడికే ఉంది.

"నేనే" అన్నాను. గొంతు ఉన్నవాడిని, అయినా రెండోసారి అంటే గాని బయటికి రాలేదు. "టిక్ పెట్టాను. పని చెయ్యలేదు."

"థాంక్యూ" అంది యంత్రం. "ఎంతసేపు పడుతుంది?"

"పది నిమిషాలు."

"ఎనిమిది తీసుకో."

ఏడు నిమిషాల్లో చేశాను. ఇంకో మూడు నిమిషాలకి కొత్త సిస్టమ్‌లో మొదటి క్లెయిము పడింది. వరంగల్ అమ్మాయి లేచి కుర్చీ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి కూర్చుంది. రెండింటికి ఇంకా పావుగంట ఉండగా బావ ఒక్కొక్క టీమ్‌నీ పేరు పేరునా అడిగాడు: ముందుకా, వెనక్కా? అందరూ ముందుకే అన్నారు. చివర్న నన్నూ అడిగాడు. ఆ పరిస్థితుల్లో నా అభిప్రాయానికి పెద్ద విలువ లేదు. అయినా అడిగాడు.

లిఫ్టులో కిందికి దిగుతుంటే నేనే అన్నాను. "బావా, నలభై ఒకటి కావాలనే నా పేరు మీద పెట్టావా?"

"అధికారం నీదైతే ఎవరి పేరు పెట్టను? చదువుతావనుకున్నాను." రెండు అంతస్తులు దిగాక, "కాలక్షేపానికైనా" అన్నాడు.

ఆ తర్వాత ఆయన ఆరేళ్లు కాల్స్ నడిపాడు. గంట మీటింగులు ఇరవై నిమిషాలకి వచ్చాయి. ఆయన ముందు సుదీర్ఘంగా మాట్లాడటానికి అందరికీ సిగ్గేసేది. కొత్తగా చేరినవాళ్లు ఎవరైనా గోల చేస్తే, పాతవాళ్లు "యంత్రం ఫోనుకి ఆనిస్తాడు, జాగ్రత్త" అని బెదిరించేవారు. నాకు తెలిసి మళ్లీ రెండేసార్లు ఆనించాడు. రెండోసారి నా కోసమే. ఆయన రిటైరైన ఏడాదికి నేనూ అయ్యాను. రిటైరయ్యాక ఇద్దరం కలిసి చిక్కుళ్లు పండించాం. అంటే ఆయన పండించాడు, నేను పురికొస పట్టుకున్నాను.

కిందటి ఏప్రిల్‌లో వెళ్లిపోయాడు. ఈసారి జబ్బు ఊపిరితిత్తుల్లో. ఆపరేషన్ తర్వాత తొమ్మిదేళ్లు బతికాడు. ఆ తొమ్మిదేళ్లలో ఆయన వేసిన జోకులు అంతకుముందు యాభై ఆరేళ్లలో వేసినవాటికంటే ఎక్కువని అక్క లెక్క. అందులో సగం తన మీదేనని ఆవిడ ఫిర్యాదు.

పోవడానికి అయిదు నెలల ముందు ఒక రోజు ఆస్పత్రిలో ఉన్నాం. యువ డాక్టరు ఒకతను వచ్చాడు. మంచం మీద మనిషిని చూశాడు, మెడలో రంధ్రం చూశాడు, పక్క బల్ల మీద యంత్రం చూశాడు, అదేమిటో తెలియనట్టుంది. అక్క వైపూ నా వైపూ తిరిగి చాలా సౌమ్యంగా మొదలుపెట్టాడు. ఇంకో మందు ఉంది, ఆస్పత్రిలోనే ఉండాలి, అలసట ఎక్కువ. లేదా ఇంటికి తీసుకెళ్లి సుఖంగా చూసుకోవచ్చు. "ఆయన ఏది కోరుకుంటారని మీ అభిప్రాయం?"

అక్క నా వైపు చూసింది. నా దగ్గర జవాబు ఉంది. బహుశా సరైన జవాబే.

"ఆయన్నే అడగండి" అన్నాను.

డాక్టరు ఎర్రబడ్డాడు. క్షమించమని, స్టూలు లాక్కుని, మంచం వైపు తిరిగి కూర్చున్నాడు. బావ తొందరపడలేదు. అక్క యంత్రం తుడిచి అందిస్తే, మెడ మీద సరైన చోటు వెతుక్కుని ఆనించాడు. ముందుగా ఆ కుర్రవాడు పొద్దున్నుంచి ఏమైనా తిన్నాడా అని అడిగాడు. ఆ తర్వాత నాలుగు ప్రశ్నలు వేశాడు, ఒక్కొక్కటే. డాక్టరు ఒక్కొక్కదానికే జవాబు చెప్పాడు. నాలుగోదానికి జవాబు విన్నాక బావ "ఇంటికి" అన్నాడు.

ఆ పావుగంటలో నేను ఇంకొక్క మాట మాట్లాడలేదు. మూల కుర్చీలో కూర్చున్నాను, అంతే. మర్నాడు అక్క ఎవరితోనో ఫోన్‌లో చెబుతుంటే విన్నాను: "మా తమ్ముడు పక్కనే ఉన్నాడు కాబట్టి సరిపోయింది. అంతా వాడే చూసుకున్నాడు."